లోకం మునిగాక పొయ్యి వెలిగించిన ఇద్దరు

2023 జనవరిలో వారం తేడాతో రెండు ప్రేమకథలు ముగిశాయి. 23వ తేదీ సాయంత్రం స్టార్ మాలో ‘కార్తీక దీపం’ ఆఖరి భాగం వచ్చింది. 2017 అక్టోబరు నుంచి పదిహేను వందలకు పైగా భాగాల్లో వంటలక్క, డాక్టర్ బాబు విడిపోతూ, కలిసినట్టే కలిసి మళ్ళీ విడిపోతూ వచ్చారు. సరిగ్గా వారానికి, 30వ తేదీ పొద్దున, హాట్‌స్టార్‌లో ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ మూడో భాగం దిగింది. బిల్, ఫ్రాంక్ అనే ఇద్దరు కలవడం, కాపురం చేయడం, ముసలితనం, చావు, అన్నీ గంటంపావులో అయిపోయాయి. మొదటి కథను మెదక్‌లో మా వీధి వీధంతా చూసింది. రెండోది చూసింది బహుశా మా ఇల్లొక్కటే, అదీ నా మూలంగా.

మా చిన్నమ్మకు ఇంగ్లీషు రాదు. సీరియల్ అయిపోయాక ఆమెకు సాయంత్రం ఏడున్నర వేళ ఖాళీ పడింది. “ఏదన్న పెట్టు కొడుకా, ఇల్లు బోసిగున్నది” అంది. నేను చూద్దామనుకున్నదే పెట్టాను, అక్కడక్కడ ఆపి రెండు ముక్కలు చెబుతూ. అయిపోయేసరికి ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నేనూ అదే పనిలో ఉన్నాను, కొంగు లేదంతే. భాష తెలియని మనిషిని, ఏనాడూ చూడని దేశంలో, ఎన్నడూ రాని రోగంతో కూలిపోయిన లోకంలోని ఇద్దరు మగవాళ్ళ కథ ఎట్లా ఏడిపించింది? ప్రేక్షకుల కన్నీటి గురించి ఇన్నాళ్ళూ జరిగిన చర్చనంతా ఒకచోట పరుచుకుని చూద్దామనిపించింది ఈ ప్రశ్నతోనే.

కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. 2003లో ఒక బూజు మనుషుల మెదళ్ళలోకి చేరి లోకాన్ని ముంచేస్తుంది. అమెరికాలో ఒక చిన్న ఊరు, జనమంతా పోయారు. బిల్ ఒక్కడే మిగిలాడు. ఊరి చుట్టూ కంచె, గోతులు, తుపాకులు. ఎవరూ లేకపోవడమే అతనికి సుఖంగా ఉంది. 2007లో ఫ్రాంక్ ఆ గోతుల్లో ఒకదాంట్లో పడతాడు. ఆకలిగా ఉందంటాడు. తరిమేయాల్సిన బిల్ ఇంట్లోకి తీసుకెళ్ళి వండి వడ్డిస్తాడు. భోజనం తర్వాత పియానో దగ్గర లిండా రాన్‌స్టాట్ 1970లో పాడిన పాత పాట. ఆ పూట ఉండి పోతానన్నవాడు పదహారేళ్ళు ఉండిపోతాడు. ఫ్రాంక్ ఊళ్ళో దుకాణాలకు రంగులు వేయిస్తాడు, గడ్డి కోయిస్తాడు, బయటివాళ్ళతో స్నేహం కలుపుతాడు. బిల్‌కు చెప్పకుండా అతని తుపాకీ ఒకటి ఇచ్చి స్ట్రాబెర్రీ విత్తనాలు తెస్తాడు. చివరికి నయంకాని జబ్బుతో ఫ్రాంక్ కుర్చీకి పరిమితమవుతాడు. ఒక రోజును తనే ఎంచుకుని, ఇదే నా చివరి రోజంటాడు. బిల్ ఆ రాత్రి మళ్ళీ వండుతాడు, మొదటి రోజు వండినట్టే.

ఈ ధారావాహికకు మూలం 2013లో వచ్చిన వీడియో గేమ్. అందులో కథ ఇట్లా ఉండదు. ఫ్రాంక్ బిల్‌ను అసహ్యించుకుని విడిచిపోతాడు, ఉరి వేసుకుంటాడు, మిగిలేది ఒక చేదు ఉత్తరం. రచయిత క్రెయిగ్ మేజిన్, దర్శకుడు పీటర్ హోర్ ఆ చేదును తీసేసి ఒక కాపురాన్ని పెట్టారు. శిథిలాలు అవే, పాత్రల పేర్లు అవే. గేమ్ ఆడినవాళ్ళకు బిల్ ఒక హెచ్చరికగా గుర్తుంటే, తెర మీద చూసినవాళ్ళకు సొంత బాబాయిలా గుర్తుండిపోయాడు. బిల్‌గా వేసిన నిక్ ఆఫర్‌మన్‌కు ఆ ఒక్క భాగానికే ఎమ్మీ వచ్చింది. యాభై ఏళ్ళనాటి ఆ పాటను ఆ రాత్రి జనం వెతుక్కుని మరీ విన్నారు.

చిన్నమ్మ ఎక్కడెక్కడ కదిలిందో పక్కనుంచి చూశాను. బూజు పట్టినవాళ్ళు మీద పడుతుంటే ఆమెకు భయం వేయలేదు, విసుగొచ్చింది. తుపాకీ కాల్పులప్పుడు లేచి నీళ్ళు తాగొచ్చింది. గోతిలోంచి వచ్చినవాడికి కంచం పెట్టగానే ముందుకు వంగింది. “గాయిన ఎన్ని దినాలాయె తినక? సూడు ఎట్ల తింటుండో.” స్ట్రాబెర్రీ కొరికి ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వినప్పుడు తనూ నవ్వింది. ఇద్దరూ మగవాళ్ళే అని అర్థమైన చోట కాసేపు ఏమీ అనలేదు. నేను రిమోట్ పట్టుకునే ఉన్నాను. తర్వాత అంది, “పోనీ తియ్యి. ముసలోళ్ళయిన్రు, ఒగలకొగలు ఉన్నరు.” ఆ మాటను నేను చదివిన పరిశోధనలన్నిటి పక్కనా పెట్టి చూసుకున్నాను.

పరిశోధనలకు కొదవలేదు. 1956లోనే హార్టన్, వోల్ అనే ఇద్దరు టీవీ తెర మీది మనిషితో ప్రేక్షకుడికి ఏర్పడే ఏకపక్ష బంధానికి ఒక పేరు పెట్టారు. అవతలివాడికి మనం తెలియకపోయినా మనకు అతను ఇంటిమనిషే. 2004లో ‘ఫ్రెండ్స్’ ముగిసినప్పుడు ఎయాల్, కోహెన్ అనేవారు విద్యార్థులను అడిగి, పాత్రతో బంధం ఎంత గట్టిదైతే విడిపోయిన బాధ అంత ఎక్కువని, అయితే అది నిజజీవితపు ఎడబాటంత లోతుగా ఉండదని తేల్చారు. చిన్నమ్మ ఏడున్నరకు బోసిపోయిందంటే దానికి శాస్త్రం చెప్పే వివరణ ఇదే. కానీ బిల్, ఫ్రాంక్‌ల విషయంలో ఈ సూత్రం చాలదు. వాళ్ళతో మనకు బంధం పెరగడానికి ఐదేళ్ళు లేవు, గంటంపావే ఉంది.

అక్కడ మేరీ బెత్ ఆలివర్ పని అక్కరకొస్తుంది. సుఖం కోసమే వినోదం చూస్తామన్న పాత లెక్కకు ఆమె 2008లో ఎదురు ప్రశ్న వేసింది. మనసు మెత్తబడి ఉన్నప్పుడు మనం కావాలనే విషాదాన్ని వెతుక్కుంటామని, బతుకు అర్థాన్ని తడిమే కథలు అప్పుడు రుచిస్తాయని చెప్పింది. 2020 ఏప్రిల్‌లో కోల్టన్ స్క్రివ్‌నర్ బృందం 310 మందిని అడిగి చూసింది. జాంబీ, ప్రళయ చిత్రాలు బాగా చూసేవాళ్ళు కోవిడ్ కాలంలో కొంచెం నిబ్బరంగా, కొంచెం సిద్ధంగా ఉన్నారని తేలింది. ఇది ఆసక్తికరమే గానీ, భయం సంగతి చెబుతుంది, ప్రేమ సంగతి చెప్పదు. పైగా ఇవన్నీ ఎక్కువగా అమెరికన్లను అడిగి రాసినవి. మన దగ్గర ప్రేక్షకుల మనసుకు కొలత టీఆర్పీ. మీటరు పెట్టిన ఇంట్లో టీవీ ఎంతసేపు ఏ చానల్ మీద ఉందో అది చెబుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఏడుస్తున్నారో, బీన్సు తుంచుతున్నారో దానికి పట్టదు.

నన్నడిగితే మన పాత లాక్షణికులే ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చారు. భరతుడు కరుణానికీ విప్రలంభ శృంగారానికీ ఒకే ఒక గీత గీశాడు. ఆశ తెగిపోతే కరుణం, ఆశ మిగిలి ఉంటే విప్రలంభం. ఎడబాటు రెండిట్లోనూ ఉంది, ఎదురుచూపు ఒకదాంట్లోనే ఉంది. పద్నాలుగో శతాబ్దపు విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో ఈ రెండిటి మధ్యన మరొకటి పెట్టాడు, కరుణ విప్రలంభం. ప్రియుడు చనిపోయాడు, అయినా మళ్ళీ దొరుకుతాడన్న ఆశ ఉంది. బాణుడి కాదంబరిలో అచ్ఛోద సరస్సు ఒడ్డున పుండరీకుడి కోసం తపస్సు చేసే మహాశ్వేత దానికి ఉదాహరణ.

ప్రళయం తర్వాతి ప్రేమకథలన్నీ ఈ మూడు గదుల్లో సర్దుకుంటాయి. జాంబీ ధారావాహిక ‘వాకింగ్ డెడ్’లో ఏళ్ళ తరబడి విడిపోయిన రిక్, మిషోన్‌ల కోసం 2024లో ఆరు భాగాల ప్రత్యేక కథ తీశారంటే, అది విప్రలంభానికి ఉన్న గిరాకీ. బిల్, ఫ్రాంక్‌ల కథ మాత్రం విచిత్రంగా ఏ గదిలోనూ ఇమడదు. అక్కడ ఎడబాటే లేదు. ఇద్దరూ కలిసే పోయారు. శోకానికి ఆశ్రయమైన ‘మిగిలినవాడు’ ఎవరూ లేరు, మనం తప్ప. ఆ ఇంటి తలుపు మూసి ఉంది, కిటికీ తెరిచి ఉంది, కర్టెన్ ఊగుతోంది. కుటుంబంలో బతికున్న చివరి మనుషులు ప్రేక్షకులే. ఏడవాల్సిన బాధ్యత మన మీద పడింది.

ఇందులో తెలుగువాళ్ళకు కొత్తేమీ లేదు. సత్యహరిశ్చంద్ర నాటకం తీసుకోండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకానికి జనం వచ్చేది కాటిసీను కోసమే. రాజ్యం పోయింది, కొడుకు పోయాడు, లోకమంతా బూడిదైన చోట మొగుడు కాటికాపరి, పెళ్ళాం శవాన్ని మోసుకొచ్చిన తల్లి. చీకట్లో ఒకరినొకరు గుర్తుపట్టడమే ఆ రంగమంతా. పద్యం అయ్యాక జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్ళు. దుఃఖాన్ని ఇంకోసారి వడ్డించమని కేకలేసి అడిగిన ప్రేక్షకులం మనం. శోకం రసమవుతుందని అలంకారశాస్త్రం రుజువు చేయడానికి ఎంతో కష్టపడింది. పందిట్లో చాప మీద కూర్చున్న రైతుకు ఆ రుజువు అక్కర్లేకపోయింది. 1963లో ‘లవకుశ’కు బండ్లు కట్టుకుని వెళ్ళిన తరం, 1989లో ‘గీతాంజలి’ చూసిన తరం అదే పంక్తిలో కూర్చున్నాయి. ‘గీతాంజలి’లో లోకం బాగానే ఉంది, ప్రళయం ఇద్దరి ఒంట్లో ఉంది. రోజులు లెక్కబెట్టి ఉన్నప్పుడు ప్రేమ ఎంత తేటగా ఉంటుందో ఆ సినిమా మనకు ముందే చూపించింది.

అయితే అన్ని చావులకూ ప్రేక్షకులు ఏడవరు. కొన్నిటికి తిరగబడతారు. 2016 మార్చి 3న ‘ద హండ్రెడ్’ అనే అణుయుద్ధానంతర ధారావాహికలో లెక్సా అనే నాయకురాలు చనిపోయింది. క్లార్క్‌తో ఆమె ప్రేమ అప్పుడే పండింది, మరుక్షణమే ఎవరికో పెట్టిన గురి తప్పి తూటా ఆమెకు తగిలింది. అభిమానులు మండిపడ్డారు. ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు తెర మీద ఎప్పుడూ ఇట్లాగే చస్తారని, ఇది అలవాటైన వ్యవహారమని నిలదీశారు. నిర్మాత బహిరంగంగా క్షమాపణ రాయాల్సి వచ్చింది. ఆ కోపం తిట్లతో ఆగలేదు. ఆత్మహత్య ఆలోచనలున్న యువతకు సాయపడే ట్రెవర్ ప్రాజెక్టుకు లక్ష డాలర్లకు పైగా చందాలు పోగుచేశారు. నటి వేరే ధారావాహికకు వెళ్ళాల్సి ఉందని, అందుకే పాత్రను చంపారని అందరికీ తెలిసిపోయింది. వెళ్ళింది మరో ప్రళయ కథలోకే! అదే ఏడాది అక్టోబరులో ‘వాకింగ్ డెడ్’లో గర్భవతి భార్య కళ్ళముందే గ్లెన్‌ను కొట్టి చంపారు. ఆ భాగాన్ని అమెరికాలో 1 కోటి 70 లక్షల మంది చూశారు, తర్వాత ఆ సంఖ్య దిగుతూనే వచ్చింది.

మన దగ్గర 2022 మార్చిలో ‘కార్తీక దీపం’ జంటను కారు ప్రమాదంలో చంపి, పిల్లలను పెద్దవాళ్ళను చేసి కథ నడపబోయారు. జనం ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే వంటలక్క కోమాలోంచి లేచింది. ఇది విశ్వనాథుడి కరుణ విప్రలంభానికి స్టార్ మా చేసిన వ్యాఖ్యానం అనుకోవచ్చు. లెక్సా అభిమానులూ మెదక్ గృహిణులూ ఒకరినొకరు ఎరుగరు గానీ వాళ్ళ ఫిర్యాదు ఒకటే. విధి చేసిన చావుకు ఏడుస్తాం, రచయిత సౌకర్యానికి జరిగిన చావుకు ఏడవం. ప్రేక్షకుడు ఈ తేడాను ముక్కుతో పసిగడతాడు.

‘ద లాస్ట్ ఆఫ్ అస్’ మూడో భాగానికి కన్నీళ్ళతోపాటు రాళ్ళూ పడ్డాయి. రేటింగుల సైట్లలో ఒక్క నక్షత్రం పెట్టి తిట్టినవాళ్ళు గుంపులుగా వచ్చారు. కథ ముందుకు పోలేదని కొందరన్నారు, అసలు కోపం ఇద్దరూ మగవాళ్ళయినందుకే అని దాచుకోనివాళ్ళు ఎక్కువమంది. ఈ మాట మన గడప దగ్గరికి తెచ్చి చూస్తే ఇంకా పదునుగా ఉంటుంది. తెలుగు ప్రేమకథకు శత్రువు ఎక్కువసార్లు రోగమో రాక్షసుడో కాదు, బంధువు. కులం, కట్నం, పరువు, మేనమామ. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి గుమ్మం ముందు, గర్భవతి భార్య పక్కనుండగానే కత్తికి బలైన యువకుడి సంగతి మరిచిపోయే తెలుగువాడు ఉండడు. అట్లాంటి జంటకు లోకం ఉండటమే ప్రళయం. బిల్ జీవితమంతా దాక్కుని బతికిన మనిషి. లోకం పోయింది గనుకే అతనికి కాపురం దొరికింది. లోకం కూలితే గానీ కలవలేని ఇద్దరు ఉన్నారంటే, కూలినదాని గురించి అది ఏం చెబుతోంది? ఆ ఒక్క నక్షత్రం పెట్టినవాళ్ళకు గుచ్చుకున్నది ఈ ప్రశ్నేనని నా అనుమానం. చిన్నమ్మ రెండు నిమిషాల మౌనంలో దాన్ని దాటేసింది. మా వీధిలో అందరూ దాటుతారని నేననను.

మరి తెలుగులో ఇట్లాంటిది ఎందుకు రాలేదు? సినిమాకు వస్తే ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ 2021లో జాంబీలను కర్నూలు ఫ్యాక్షన్ మధ్యకు దింపి నవ్వించింది. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్‌లో గంగ ఎండిన కాశీని కట్టి చూపించింది. అందులో భైరవకూ రాక్సీకీ మధ్య ఉన్న ప్రేమ ఎవరికైనా గుర్తుందా? జనం గుండె కొట్టుకున్నది కడుపుతో ఉన్న సుమతి కోసం, ఆమెకు కాపలా ఉన్న అశ్వత్థామ కోసం. మన ప్రళయంలో కాపాడవలసింది తల్లిని, ప్రేయసి తర్వాత. ఇది లోపమని అనను, మన అభిరుచి అది.

‘స్కైలాబ్’ అనే సినిమా ఇంకో దారి పట్టింది. 1979 జులైలో ఆకాశం నుంచి అంతరిక్ష ప్రయోగశాల నెత్తిన పడుతుందని తెలంగాణ పల్లెలు నిజంగానే వణికాయి. రేపు లేదనుకుని కోళ్ళు కోసుకు తిన్నవాళ్ళ కథలు మా పెద్దవాళ్ళ దగ్గరా ఉన్నాయి. 2021లో వచ్చిన ఆ సినిమా బండలింగంపల్లి అనే ఊళ్ళో ఆ రోజులను పెట్టి, చావు రేపే అనుకున్నప్పుడు మనుషులు ఏ గోడలు దిగి ఒకరినొకరు తాకుతారో నెమ్మదిగా చూపింది. థియేటర్లలో పెద్దగా ఆడలేదు. నాకు మాత్రం బిల్ ఊరికి అత్యంత దగ్గరి తెలుగు ఊరు అదే.

సీరియల్‌కు అయితే అసలు వీల్లేదు. రోజువారీ సీరియల్ నడిచేది చుట్టాల మీద. అత్త, ఆడబిడ్డ, తోడికోడలు, ఆస్తి పత్రాలు, సోఫా. వీళ్ళందరినీ మొదటి భాగంలోనే బూజుకు బలిస్తే సోమవారం నుంచి శనివారం దాకా ఎవరు కుట్ర చేస్తారు? జాంబీలు ఊరంతా తిన్నా అత్తగారిని వదలాలని చానల్‌వాళ్ళు షరతు పెడతారు.

ఇంతా చదివి, చూసి నాకు తేలింది చిన్నమ్మ ముందుకు వంగిన ఆ క్షణమే. ప్రళయ కథల్లో మనల్ని కదిలించేది చావూ కాదు, కౌగిలీ కాదు, కంచం. అంతా పోయిన చోట ఒకడు మరొకడి కోసం పొయ్యి రాజేయడం. బిల్, ఫ్రాంక్‌ల కాపురం మొదలయ్యేది ఒక భోజనంతో, ముగిసేది ఒక భోజనంతో, నడిమధ్య నాలుగు పండ్లు. వంటలక్కకు ఆ పేరు ఊరికే రాలేదు.

మెదక్‌వాడిని గనుక ఇట్లా అనిపిస్తోందేమో. మాది మెతుకు సీమ, కోట మెతుకు దుర్గం. చర్చి గంటల గోపురం కింద నిలబడితే ఈ మాట ఇంకా బరువుగా తోస్తుంది. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన కట్టడం అది. ఆ పదేళ్ళలోనే ప్రపంచయుద్ధం, 1918 ఇన్‌ఫ్లుయెంజా, కరవు. దాన్ని కట్టించిన పాస్నెట్ దొర ఆకలిగొన్న జనాన్ని పనిలో పెట్టి తిండి పెట్టాడని, ఆ అన్నంతోనే గోడలు లేచాయని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాళ్ళు మోసిన ఆలుమగలు సాయంత్రం తెచ్చుకున్న గింజలను ఎట్లా పంచుకున్నారో ఎవరూ రాసి పెట్టలేదు. రంగుటద్దాల కిటికీల మీద క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం ఉన్నాయి. వాళ్ళ కంచాలు లేవు.

2020 మే నెలలో తూప్రాన్, చేగుంట, రామాయంపేటల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి వెంట ఉత్తరాదికి నడిచిపోయిన కూలీలను మేమంతా చూశాం. పులిహోర పొట్లాలు, మజ్జిగ పట్టుకుని వెళ్ళినవాళ్ళలో చిన్నమ్మ కూడా ఉంది. చింతచెట్టు కింద కూర్చున్న ఒక జంట మనిషికొకటి తీసుకోమంటే ఒకే పొట్లం తీసుకుని, రెండోది వెనక వచ్చేవాళ్ళకు ఇవ్వమన్నారట. అతను ముందు ఆమె చేతిలో పెట్టాడట. ఈ సంగతి ఆమె అప్పుడు చెప్పలేదు. మూడేళ్ళ తర్వాత, బిల్ ఫ్రాంక్ ముందు కంచం పెట్టిన రాత్రి చెప్పింది.

మొన్న నేను ఇంటికి వెళ్ళేసరికి ‘కార్తీక దీపం’ రెండోది నడుస్తోంది. అదే జంట, కొత్త కథ. ప్రకటనలు రాగానే చిన్నమ్మ గొంతు తగ్గించి అడిగింది.

“గా ముసలాయన తుపాకి ఇచ్చి తెచ్చిండే, ఎర్ర పండ్లు. గా ఇత్తనాలు మన దగ్గర మొలుస్తయా కొడుకా?”